మూడు పగళ్ళ పస్తు

ఆ వేసవంతా మేము చెవులతోనే బతికాం. కుక్క మొరిగితే రోకలి ఆగేది. అడవిలో ఎక్కడో చెట్టు కూలిన చప్పుడైతే తల్లులు పిల్లల్ని లెక్కపెట్టుకునేవాళ్ళు. మేము పొడుగు కత్తుల వాళ్ళు అని పిలిచే తెల్లవాళ్ళ జనరల్ అడవి కొట్టుకుంటూ, బండ్లకి బాట వేసుకుంటూ, దారి పొడుగునా కోటలు కట్టుకుంటూ దక్షిణం నుంచి వస్తున్నాడని రెండేళ్ళుగా వింటున్నాం. ఆ ఏడు, వాళ్ళ లెక్కలో 1794, నిజంగానే వచ్చేశాడు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. నా పేరు అలాంక్. మేము లెనాపె వాళ్ళం. ఆగ్లేజ్ ఏరు మౌమీ నదిలో కలిసేచోటికి కాస్త ఎగువన మా ఊరు. మాలో ఇల్లూ చేనూ ఆడవాళ్ళవి. మా ఇల్లు అమ్మమ్మది. ఆ ఇంట్లో ఆమె, నేను, నా భర్త తెమ్మె. పక్క గుడిసెలో అమ్మమ్మ కొడుకు, మా మేనమామ ఒపలానీ. మా ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళే పన్నెండు మందికి పెద్ద ఆయనే. నాకు అప్పుడు నాలుగో నెల.

కబురు వచ్చిన రోజు అమ్మమ్మా నేనూ చేలో చిక్కుడు తీగల్ని మొక్కజొన్న కర్రలకి ఎక్కిస్తున్నాం. తెమ్మె ఏటి ఒడ్డున కూర్చుని పచ్చి కంకి ఒలుచుకు తింటున్నాడు.

"ఇంకా పాలు పోసుకుంటున్న కంకుల్ని కూడా వదలవా? అది కడుపా, గాదెనా?" అంది అమ్మమ్మ.

"నీ మనవరాలు వడ్డించేది పిట్టకి కూడా చాలదమ్మమ్మా. ఏదో నా తిప్పలు నేను పడుతున్నా."

"పిట్టకా! మొన్న జింక తొడ ఒక్కడివే లాగించావు కదరా."

"అది చిన్న జింక."

అప్పుడు కనబడ్డాడు మామ. నడిచి వస్తున్నాడు. పరుగెత్తి వచ్చి ఉంటే అంత భయపడేవాళ్ళం కాదేమో. ఎనిమిది రోజులుగా ఆ సైన్యం చుట్టూ తిరిగి వస్తున్న మనిషి, కాళ్ళకి బురదతో, నిదానంగా, తల్లి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, గిన్నెలు సర్దు. రేపు పొద్దున్నే పడవలు ఎక్కాలి."

"ఎంత దూరంలో ఉన్నారు?"

"రెండు రోజులు."

"కంకి ముదరడానికి ఇరవై రోజులు పడుతుంది."

"జనరల్‌తో చెప్పి చూడనా?"

"చెప్పు. వాడికీ తల్లి ఉండే ఉంటుంది. ఆమె కూడా ఎప్పుడో ఒక చేను వేసే ఉంటుంది."

మామ నవ్వలేదు. తెమ్మె వైపు తిరిగాడు. "మూడేళ్ళ కింద వచ్చిన జనరల్‌ని తెల్లారకుండానే చుట్టేశాం. గుడారాల్లోంచి చొక్కాలు కూడా లేకుండా పరుగెత్తారు. వీడు అలాంటివాడు కాడు అల్లుడూ. పొద్దు వాలకముందే ఆపేస్తాడు. నాలుగు వైపులా దుంగలతో గోడ కట్టించాకే పొయ్యి వెలిగించనిస్తాడు. ఎనిమిది రోజులు తిరిగాను. సందు దొరకలేదు."

మామ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. తెమ్మె తింటున్న కంకిని పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం పెద్ద గిన్నెల్ని గొయ్యి తీసి పాతిపెట్టాం. అమ్మమ్మ చేను చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. ఏమీ కోయలేదు, ఏమీ ముట్టుకోలేదు. పొద్దున పడవలో ఆమె చేనుకి వీపు పెట్టి కూర్చుంది. నేను మాత్రం మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఏటికి రెండు వైపులా ఎంత దూరం చూసినా పచ్చదనమే. అందులో ఒక్క మనిషి లేడు.

నది దిగువన ఎర్రకోట్ల వాళ్ళ, అంటే సముద్రం అవతలి తెల్లరాజు సైనికుల, కోట ఉంది. వాళ్ళకీ పొడుగు కత్తుల వాళ్ళకీ పాత పగ. మమ్మల్ని పిల్లలనేవాళ్ళు, తుపాకి మందు ఇచ్చేవాళ్ళు, కష్టమొస్తే మా తలుపులు మీకోసం తెరిచే ఉంటాయని వసంతంలో చెప్పి ఉన్నారు. ఆ కోట దాటాక, ఒక వాగు పక్కన, పది ఊళ్ళ ఆడవాళ్ళం చెట్టు బెరడుతో పందిళ్ళు వేసుకున్నాం. షానీ వాళ్ళు, మయామీ వాళ్ళు, మేము. భాషలు వేరు, దగ్గే పిల్లలు మాత్రం అందరికీ ఒకటే.

నాలుగో రోజున నదికి ఎగువన ఆకాశం మురికిపట్టింది. అందరం ఒడ్డుకి వెళ్ళి చూశాం. ఊళ్ళు తగలబెడుతున్నారు అంది ఎవరో.

"అది ఇళ్ళ పొగ కాదు," అంది అమ్మమ్మ. "పచ్చి ఆకు పొగ."



జనరల్ ఒక మనిషి చేత సంధి కబురు పంపాడు. పది రోజులు ఆగమని మా పెద్దలు బదులు చెప్పించారు. అతను ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆ సంగతి చెప్పి వెళ్ళడానికే మామ పందిరి దగ్గరికి వచ్చాడు. కోటకి ఎగువన, గంటన్నర నడకలో, ఏదో పాత గాలివాన పెద్ద పెద్ద చెట్లని ఒకదాని మీద ఒకటి పడగొట్టిన చోటుంది. గుర్రాలు దూరలేవు. అక్కడే కాస్తామన్నాడు.

"రేపు పొద్దున వస్తారు. ఈ క్షణం నుంచి ఎవరూ ఏమీ తినకూడదు. నీళ్ళే."

"మామా," అన్నాడు తెమ్మె, "యుద్ధం రేపే కదా? ఖాయమే కదా?"

"ఖాయమే."

"అయితే సరే. రేపటిదాకా ఎవడైనా పస్తుంటాడు."

మామ ఈసారి కాస్త నవ్వాడు. "ఖాళీ కడుపుకి గుండు తగిలితే మనిషి బతకొచ్చు అల్లుడూ. నిండు కడుపుకి తగిలితే బతకడు. మా నాన్న చెప్పాడు, నేను కళ్ళారా చూశాను. పైగా మనల్ని చేసినవాడి ముందు ఆకలితోనే నిలబడాలి. తిని తేనుస్తూ ఏం అడుగుతాం?"

తెమ్మె వెళ్ళేముందు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "నువ్వు తినరా, నా వంతు కూడా," అన్నాడు.

మర్నాడు జనరల్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఎందుకు రాలేదో మాకు తెలియదు. ఎగువన ఏదో కోటలాంటిది కడుతున్నాడని, బరువులన్నీ అందులో దించుకుంటున్నాడని వేగులవాళ్ళు చెప్పారు. మాకు తెలిసిందల్లా మా మగవాళ్ళు రెండు పగళ్ళూ రెండు రాత్రులూ తడి దుంగల వెనక ఖాళీ కడుపులతో పడుకుని ఉన్నారని. నా వంట చెడిపోయింది. ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టి ఉంచేదాన్ని, ఎవరికోసమో తెలియకుండానే.

రెండో రోజు సాయంత్రం చూలెన్స్ వచ్చింది. మా ఊరిదే, నా ఈడుది. ఆమె భర్త ఆహాస్ తెమ్మెకి ప్రాణ స్నేహితుడు.

"వేరే ఊళ్ళ మగవాళ్ళు తినడానికి వచ్చి పోతున్నారే. చూశావా? మనవాళ్ళని మీ మామ కదలనివ్వడట," అంది.

"నీకెవరు చెప్పారు?"

"నీళ్ళకి వచ్చినవాళ్ళు. ఇంకోటి కూడా చెప్పారు. నువ్వు కంగారుపడనంటే చెబుతా."

"చెప్పు."

"తెమ్మె చెట్టెక్కి కాపలా చూసి దిగుతూ కళ్ళు తిరిగి పడ్డాడట. ఏం కాలేదు. లేచాడట. మా ఆయన నవ్వాడట కూడా, ఆకలికి చెట్టునే కొరికేస్తాడనుకున్నానని."

నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక పొయ్యిలో కట్టె ఎగదోస్తూ అనుకున్నాను. చెట్టు దిగలేని మనిషి గుర్రం మీద కత్తి పట్టుకుని వచ్చేవాడి ముందు ఎలా పరుగెత్తుతాడు?

మూడో రోజు తెల్లవారేసరికి జోరు వాన. వానలో ఎవరూ యుద్ధానికి రారని అందరూ అన్నారు. తుపాకి మందు తడిస్తే ఎవరి తుపాకీ పేలదు కదా. నేను మొక్కజొన్న గటక చేసి, ఎండు జింక మాంసం దంచి కలిపి, ఎలుగు కొవ్వు వేసి, పొయ్యి పక్కన పెట్టాను. నీళ్ళకని చెప్పి బయల్దేరాను. అమ్మమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని నా వైపు చూసింది. నా చేతిలో కడవ లేదు.

దారిలో ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా మగవాళ్ళు ఎదురొస్తూనే ఉన్నారు, తినడానికి. ఒకడు నన్ను చూసి, "అమ్మాయ్, ఎదురు వెళ్తున్నావేం, వంట ఇటుంది!" అని అరిచాడు. అంతమంది వస్తున్నారు కదా, నా ఒక్కడు వస్తే ఏం అనుకున్నాను. నేను అక్కడికి చేరేసరికి వాన వెలిసింది.

తెమ్మెని చూసి ముందు గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆహాస్ పక్కన దుంగకి ఆనుకుని ఉన్నాడు, నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. మామ నాలుగడుగుల అవతల తుపాకీ తుడుస్తున్నాడు.

"ఎందుకొచ్చావు?" అన్నాడు మామ.

"మామా, అన్ని ఊళ్ళవాళ్ళూ తినొస్తున్నారు. ఈయన్ని ఒక్కసారి..."

"అన్ని ఊళ్ళ సంగతి నాకెందుకు? ఈ దుంగల వెనక పన్నెండు మంది. ఒకడు లేస్తే పదకొండు. పదకొండు మందితో ఈ సందు మూయలేను. ఇంటికి పో అమ్మా."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏడ్చి వెనక్కి వెళ్ళేదాన్నేమో. అంత మెల్లగా అనేసరికి ఇక దారి లేదని అర్థమైంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఆ మాట.

"అమ్మమ్మకి బాగాలేదు."

మామ చెయ్యి తుపాకీ మీద ఆగింది.

"తెల్లవారుజాము నుంచి రొమ్ములో నొప్పి. ఊపిరి ఆడటం లేదు. దక్కేలా లేదు మామా. పిలవమంది."

నేను తెమ్మెకి మాత్రమే చెబుదామనుకున్నాను, చెవిలో. కానీ నోరు జారి చెప్పింది మామతో. ఆమె ఆయనకి తల్లి అన్న సంగతి, చెప్పాక గానీ నాకు తట్టలేదు. మామ లేచి నిలబడ్డాడు. మా పందిళ్ళున్న వైపు చూశాడు. చెట్లు తప్ప ఏమీ కనబడవు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ కాసేపట్లో నేను నిజం చెప్పేసి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"నేను లేవకూడదు," అన్నాడు, నాతో కాదు. తర్వాత, "అల్లుడూ, నువ్వు పో. నా బదులు దగ్గర కూర్చో. సాయంత్రానికి వస్తానని చెప్పు. నేను వచ్చేదాకా ఉండమని చెప్పు."

తెమ్మె తుపాకీ తీసుకుని లేచాడు. అతని చోటు ఖాళీ కాకుండా ఆహాస్ పక్కకి జరిగాడు.

దారిలో నేను ముందు, తెమ్మె వెనక. తడి ఆకుల మీద మా అడుగులు తప్ప చప్పుడు లేదు. కొంత దూరం పోయాక అడిగాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"తెల్లవారుజామున."

"ఏమైనా తాగించావా?"

"ఆ. తాగించాను."

ఇంకేమీ అడగలేదు. ఒకచోట చెట్టుని పట్టుకుని ఆగాడు, కళ్ళు తిరిగి. నేను చెయ్యి పట్టుకోబోతే, "నడువు," అన్నాడు.

పందిరి కనబడింది. ఎండ వచ్చింది. అమ్మమ్మ పందిరి బయట బండ మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది, కాళ్ళు చాపుకుని, రాయిలా ఉంది. మమ్మల్ని చూసింది. ముందు తెమ్మెని, తర్వాత నా మొహాన్ని. ఒక్క చూపు. గింజల చాట పక్కకి నెట్టి, కుడిచెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది.

"వచ్చారా," అంది, గొంతు తగ్గించి. "ఇప్పుడే కాస్త నెమ్మదించింది. పొద్దున ప్రాణం పోయిందనే అనుకున్నా నాయనా. ఒపలానీ ఏడీ?"

"సాయంత్రం వస్తానన్నాడు," అన్నాడు తెమ్మె. "తాను వచ్చేదాకా ఉండమన్నాడు."

అమ్మమ్మ రెప్ప వేయలేదు. నా వైపు మాత్రం చూడలేదు.

"ఉంటాలే. ఎక్కడికి పోతాను," అంది. "ఎలాగూ వచ్చావు. కూర్చుని తిను."

"మామ తినలేదు."

"మీ మామ కట్టెలాంటివాడు, గాలి పీల్చి బతుకుతాడు. నువ్వు అలాంటివాడివి కావు. తిను."

నేను గిన్నె అతని చేతికిచ్చాను. ముందు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తినడం మొదలుపెట్టాడు. జోకులు లేవు. తల వంచుకుని తిన్నాడు. గిన్నె ఖాళీ అయింది. మళ్ళీ పెట్టాను. అది సగంలో ఉండగా ఎగువ నుంచి ఉరుము వినబడింది.

వాన మళ్ళీ వస్తోందేమో అంది పక్క పందిరిలో ఎవరో. ఆకాశం నీలంగా ఉంది.

తెమ్మె గిన్నె కింద పెట్టి, తుపాకీ అందుకుని పరుగెత్తాడు. చుట్టూ ఉన్న పందిళ్ళ నుంచి, గిన్నెలు తన్నుకుంటూ, నోళ్ళు తుడుచుకుంటూ మగవాళ్ళందరూ పరుగెత్తారు. అంతమంది తినడానికి వచ్చేశారని అప్పుడు తెలిసింది నాకు. అమ్మమ్మ లేచి నిలబడి ఎగువకి చూస్తోంది. ఆమె చెయ్యి ఇంకా రొమ్ము మీదే ఉంది. తీయడం మరిచిపోయింది.

ఒక పూట కూడా పట్టలేదు అంతా అయిపోవడానికి. మధ్యాహ్నానికి గాయపడ్డవాళ్ళు రావడం మొదలైంది. సాయంత్రం తెమ్మె వచ్చాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు. పందిరి ముందు కూర్చుని, అడగకుండానే, నేల వైపు చూస్తూ చెప్పాడు.

"కోట దాకా కూడా పోలేకపోయాను. మనవాళ్ళు ఎదురొచ్చారు. వెనక గుర్రాలు. ఆ చెట్ల మీంచి గుర్రాలు దూకించాడట అమ్మమ్మా, ఎలా దూకాయో. అందరం కోట దగ్గరికి పరుగెత్తాం. తలుపు మూసి ఉంది. కొట్టాం. పేర్లు పెట్టి పిలిచాం. గోడ మీద ఎర్రకోట్లు కనబడుతూనే ఉన్నాయి. తీయలేదు."

"ఒపలానీ?" అంది అమ్మమ్మ.

"మన ఊరివాళ్ళు లేచి పారిపోలేదట. పక్క ఊరి చోటు ఖాళీగా ఉందట, అటునుంచి శత్రువులు వచ్చారట. మొత్తం పన్నెండు మందిలో నలుగురం ఉన్నాం, నాతో కలిపి."

అమ్మమ్మ లేచి పందిరిలోకి వెళ్ళింది. ఆమె ఏడుస్తుందని కాచుకుని ఉన్నాను. చాలాసేపటికి బయటికి వచ్చి, పొద్దున ఒలిచిన గింజల్ని మూటకట్టడం మొదలుపెట్టింది. రేపు ఇంకా దిగువకి వెళ్ళాలి కదా అంది.

చూలెన్స్ మర్నాడు పొద్దున వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. తిన్నగా తెమ్మె ముందుకి వచ్చి నిలబడింది.

"అన్నా, మా ఆయన పక్కన ఉన్నది నువ్వే. ఎక్కడ పడ్డాడో చెప్పు. వెంటనే పోయాడా? నన్నేమైనా అడిగాడా?"

తెమ్మె తల వంచుకున్నాడు.

"నేను అక్కడ లేనమ్మా."

"లేవా?"

"అమ్మమ్మకి ప్రాణం మీదికి వచ్చిందని పిలిస్తే వచ్చాను. పొద్దున్నే."

చూలెన్స్ తల తిప్పి అమ్మమ్మని చూసింది. అమ్మమ్మ మోకాళ్ళ మీద వంగి, పళ్ళతో తాడు లాగి మూట ముడి బిగిస్తోంది. ఇప్పుడు చెప్పాలి, నేనే చెప్పాలి అనుకున్నాను.

అమ్మమ్మ తాడు వదిలింది.

"నేనే పిలిపించాను," అంది. "చచ్చేదాన్ని చావక, నీ మొగుడి పక్కన ఉండాల్సినవాణ్ణి పిలిపించుకున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టు తల్లీ."

చూలెన్స్ తిట్టలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా పొయ్యి దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నీళ్ళ దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిచ్చేది, పరాయివాళ్ళకి ఇచ్చినట్టు.

జనరల్ మూడు రోజులు కోట ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత వెనక్కి మళ్ళి, నదికి రెండు వైపులా ఉన్న ప్రతి చేనూ తగలబెట్టుకుంటూ పోయాడు. ఆకురాలు కాలంలో మగవాళ్ళు వెళ్ళి చూసి వచ్చారు. మిగిలిన గింజ చాటెడు కూడా లేదన్నారు. వాగు దగ్గరే ఉండిపోయాం. తలుపు తీయని ఎర్రకోట్ల వాళ్ళే పురుగులు పట్టిన పిండి, ఉప్పేసిన పంది మాంసం పంచేవాళ్ళు. మా ఆడవాళ్ళం తలలు వంచుకుని వరసలో నిలబడి తెచ్చుకునేవాళ్ళం. జ్వరాలు వచ్చాయి. పెద్దవాళ్ళు, పసివాళ్ళు ముందు పోయారు. నా కడుపులో బిడ్డ ఒక్కోరోజు కదిలేది కాదు. అప్పుడు నేను పని వదిలేసి, కదిలేదాకా కూర్చునేదాన్ని. తెమ్మె వేటకి పోయి ఏది తెచ్చినా అమ్మమ్మకీ నాకూ పెట్టి, తాను ఆఖర్న తినేవాడు. ఒకసారి పెట్టింది తినేవాడు. మళ్ళీ అడిగేవాడు కాదు.

మొదటి మంచు పడ్డాక అమ్మమ్మ నిజంగానే మంచం పట్టింది. దగ్గు. ఆ తర్వాత ఊపిరి. నేను ఆగస్టులో చెప్పినదంతా నవంబరులో ఒక్కొక్కటే వచ్చింది, నా మాట విని వచ్చినట్టు.

ఒక మధ్యాహ్నం ఆమెకి కాస్త తెలివిగా ఉంది. తెమ్మె గుమ్మం దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని, మంచు మీద నడిచే చెప్పులకి తోలు తాళ్ళు అల్లుతున్నాడు. అమ్మమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. గుసగుసగా అడిగింది, కానీ ఊపిరాడక ఆ గుసగుస కూడా గట్టిగానే వినబడింది.

"ఆ రోజు వాడితో ఏం చెప్పావే?"

మూడు నెలల్లో మొదటిసారి అడిగింది.

"బాగాలేదని చెప్పాను."

"ఎంత బాగాలేదని?"

నేను ఆమె దుప్పటి అంచు సర్దాను.

"నిన్ను తప్పుపట్టడానికి కాదు. నీ చోట ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ఒక్కటే చెప్పు. వాడు నమ్మాడా? నా కొడుకు, నేను చచ్చిపోతున్నానని అనుకుంటూ పోయాడా?"

లేచి నిలబడి చెట్ల వైపు చూసిన మామ నా కళ్ళ ముందు ఉన్నాడు. ఎప్పుడూ ఉంటాడు.

"లేదమ్మమ్మా," అన్నాను. "మామ నమ్మలేదు. నవ్వాడు."

ఆమె నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపు ముందు నేనెప్పుడూ నిలబడలేదు. ఇంకో క్షణమైతే దొరికిపోయేదాన్ని.

"అవునమ్మమ్మా," అన్నాడు తెమ్మె.

తల ఎత్తలేదు. చేతులు అల్లుతూనే ఉన్నాయి.

"దీనికి అబద్ధమాడటం ఎప్పుడు చేతనైంది? దక్కేలా లేదని ఇది అనగానే మామ పగలబడి నవ్వాడు. నా వీపు మీద చరిచి, 'ముసల్ది రాయి రా అల్లుడూ, మనందర్నీ పాతిపెట్టి గానీ పోదు. దీని ఏడుపు చూడలేకపోతున్నా, పోయి కడుపు నిండా తినిరా' అన్నాడు."

అమ్మమ్మ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"నన్ను ముసల్ది అన్నాడా?"

"అన్నాడు."

"వెధవ," అంది అమ్మమ్మ. ఎంత తృప్తిగా అందో. కళ్ళు మూసుకుంది.

నేను తెమ్మె వీపుని చూస్తూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత అమ్మమ్మ పోయింది. నేల గడ్డకట్టి ఉంటే తెమ్మె మంట పెట్టి కరిగించి తవ్వాడు. ఆమెకి ఎర్ర రంగు పూసి, తూర్పుకి తల పెట్టి పడుకోబెట్టాం. దూరంగా చెట్ల దగ్గర చూలెన్స్ నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు, కానీ అందరూ వెళ్ళేదాకా ఉంది.

మట్టి కప్పాక మేమిద్దరమే మిగిలాం. అప్పుడు అడిగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"దారిలోనే."

"ఎలా?"

"అమ్మమ్మ నిజంగా పోతూ ఉంటే నువ్వు నాకోసం వచ్చేదానివి కావు. ఆమెని వదిలి కదిలేదానివి కావు."

పార మీద గడ్డకట్టిన మట్టిని అతను మడమతో తన్ని రాలుస్తున్నాడు. రాలిపోయాక కూడా తన్నుతూనే ఉన్నాడు.

"తెలిసి కూడా వెనక్కి పోలేదేం?"

అతను తన్నడం ఆపాడు.

"ఆకలేసింది," అన్నాడు.